మూడో అంతస్తు విమానం

కామాటిపుర
14 జూలై 2024

వర్లి శాంతక్కకు,

మూడో అంతస్తు మీదికెళ్ళి నీ తమ్ముడు మొగులయ్య వంగి దండం పెడుతున్నడు. తుంటిల ఇనుప కడ్డీ ఉంది కాబట్టి పూర్తిగ వంగలేడు. సగం దండం ఇప్పుడు తీసుకో, మిగతా సగం దీపావళికి.

ఫోన్ చేసి చేసి నా వేలు అరిగింది. ప్రతిసారి నీ కొడుకు బంటీ ఎత్తుతడు. "మామా, మా అమ్మ నీతోని మాట్లాడదంట" అని మరాఠీల చెప్పి పెట్టేస్తడు. పెండ్లిళ్ళల్ల డ్రోన్ ఎగరేసి మనుషుల నడినెత్తులు ఫొటోలు తీసే పోరడు, ఎదురుంగ ఉన్న మనిషితోని మాట్లాడుడు వానికి ఎట్లాగు చేతకాదు.

నువ్వు కిందికి పోయి ఏం చేసినవో పక్కింటోళ్ళు వచ్చి సంబరంగ చెప్పిండ్రు. జినా మెట్లల్ల కింది మెట్టు మీద, అదే చిన్నప్పుడు మనం సోడా మూత దిగ్గొట్టిన చెక్క మెట్టు మీద, చెయ్యి పెట్టి ఎల్లమ్మ మీద ఒట్టేసినవట. "వాడు ఈ మెట్టు దిగి నా ముందర నిలబడేదాక వానితోని నోరు విప్ప, వాని గడప తొక్క." నోరు అన్నవ్ గాని చెయ్యి అనలేదు. మున్సిపాలిటీ తెలుగు బడిల ఏడో తరగతి దాక ఇద్దరం చదివినం. రాయి. ఎల్లమ్మ ఏమనదు.

నేను చేసిన నేరం ఏంది? నువ్వు కుర్చీ, తాళ్ళు, నలుగురు పోరగాళ్ళను వెంటేసుకొని నన్ను దించి వర్లికి మోసుకుపోవడానికి వస్తున్నవని ముందే తెలిసింది. ముక్కుల దూది పెట్టుకొని, తలకాడ దీపం పెట్టుకొని పండుకున్న. నువ్వు గుండె బాదుకున్నంక లేసి కూసోని ఒక్క మాట చెప్పిన. నలుగురు మోసేది ఒక్కసారే గదా అక్కా, మోస్తె గట్ల మోయండ్రి అని. పోరగాళ్ళు నవ్విండ్రు. నువ్వే నవ్వలేదు.

రెండేండ్ల కింద నన్ను ఒకసారి మోసిండ్రు. గణపతి మండపం కట్టుకుంట కింద పడ్డంక, దవాఖాన నుంచి తెచ్చి దుప్పట్ల వేసి మూడు అంతస్తులు ఎక్కించిండ్రు. గల్లీ గల్లీ నిలబడి చూసింది. అందరి మీద నవ్విన నోరు నాది. ఆ దినం అందరు నన్ను చూసి పాపం అన్నరు. పాపం అనిపించుకునే కంటె ఈ ఒక్క గది ఖోలీల ఉండుడే మేలు. ఆ పొద్దు సంది దిగలే, దిగ.

బిల్డింగు ఖాళీ చెయ్యమని బిల్డరు మనిషి వస్తనే ఉన్నడు. వానికి చెప్పిందే నీకు చెప్తున్న. నేను దిగితె విమానంల దిగుత. నవ్వులాటకు అన్న మాట. అన్నంక ఊకె ఉండబుద్ధి కాలే. కడుతున్న. యుద్ధం నాటి హరికేన్ విమానం, అసలు దాంట్ల నాలుగో వంతు, రిమోట్ తోని ఎగిరేది. లస్మయ్య తాత శాంతాక్రూజ్ రన్‌వే మీద కంకర పరిచినప్పుడు దిగిందని చెప్పేటోడు చూడు, అది.

రిమోట్ పట్టుకున్న నీ తమ్ముడు,
మొగులయ్య

*

వర్లి
22 జూలై 2024

మొగులయ్యకు,

ఎల్లమ్మ గుడి పోచయ్యను అడిగిన. రాస్తె ఒట్టు తప్పదన్నడు, కాని రాసేటప్పుడు పెదవులు కదలొద్దన్నడు. నాకు చదువుకుంట రాసే అలవాటు. అందుకే నోట్ల తమలపాకు పెట్టుకొని రాస్తున్న.

విమానం సంగతి నేను నమ్మ. నీళ్ళ టాంకీల థర్మాకోల్ మొసలిని వేసి చాళీ బిల్డింగు మొత్తాన్ని రెండు దినాలు స్నానం లేకుండ చేసినోనివి నువ్వు. కూరగాయల బండాయన నువ్వు మీదికెళ్ళి దించే తాడు బుట్టల చెయ్యి పెట్టాలంటె ఇప్పటికి కట్టెతోని పొడిచి చూస్తడట.

తాత శాంతాక్రూజ్‌కు పోనేలేదు. మిల్లు పొగగొట్టం కట్టే పని చేసిండు. విమానం కథ నిన్ను పండవెట్టడానికి చెప్పిండు. ఆయన గూడ నీ లెక్కనే.

ఇక్కడ కొత్త టవర్ల మాకు ఇచ్చిన ఇల్లు పదిహేడో అంతస్తు. లిఫ్ట్ ఉంది. మెట్లతోని పని లేదు. నీ కోసం హాలుల మంచం గూడ వేసిన. ఒక్కసారి నిన్ను ఆ జినా దించితె చాలు అనుకున్న. నేను తప్పేం చేసిన? నిన్ను మోస్తె నీ పరువు పోతది, నిన్ను సచ్చినవనుకొని నేను ఏడిస్తె నీకు నవ్వులాట.

ఈడ తలుపు వేసుకుంటె మన చప్పుడు మనకే. పక్కింటోళ్ళ పేరు గూడ తెల్వదు. ఎదురింటామె లిఫ్ట్‌ల అద్దం చూసుకుంటది, నన్ను చూడదు. ఆడ గ్యాలరీల నిలబడి తుమ్మితె నలుగురు అడుగుతుండ్రి. నువ్వు వస్తె కొట్లాడుకోవడానికన్న ఒక మనిషి ఉండు అనుకున్న.

కింది మెట్టు దిగు. అంతే.

శాంతాబాయి

*

కామాటిపుర
19 అక్టోబర్ 2024

తమలపాకు శాంతక్కకు,

నీ పెదవులు ఎర్రగ, నా చేతులు తెల్లగ. బెండు లెక్క తేలికుండే బాల్సా చెక్క గీకి గీకి ఒంటి మీద పిండి లెక్క పడుతుంది. బిల్డరు మనిషి వచ్చి, పిండి గిర్నీ పెట్టినవా అని అడిగిండు. ఔను, నీ బిల్డరు ఎముకలు విసురుతున్న అని చెప్పిన.

నమ్మనన్నవ్ గదా. నా మంచం ఎక్కడ ఉండె? కిటికీ కాడ. ఇప్పుడు ఆడ విమానం ఉంది. నేను దాని కింద చాప వేసుకొని పండుకుంటున్న. పైకి చూస్తె ప్లైవుడ్ పక్కటెముకలు, తోక దాక వరుసగ. మండపం గోపురం కట్టినట్టే. లోపల సన్న కట్టెలు, మీద బట్ట, బట్ట మీద లేపనం, గట్టిపడ్డంక రంగు. నలభై ఏండ్లు దేవుండ్లకు చేసిన పని ఇప్పుడు యుద్ధానికి చేస్తున్న. రెక్కలు రెండు పక్కల ఊడొస్తయి. చక్రాల కాళ్ళు లోపటికి ముడుచుకుంటయి. నా కాలు కంటె మంచిగ ముడుచుకుంటయి.

ఇంజను నాగ్‌పాడా నుంచి. చెట్లు కోసే రంపం మిషన్ ఇంజను, పాతది. ఆడి మిస్త్రీ దాన్ని విప్పి, తిప్పి, పంకా పెట్టే లెక్క చేసి బుట్టల వేసి పంపిండు. మొన్న ఆదివారం ఖోలీల నడిపిన. ఏం చెప్పాలె అక్కా. పొగ, చప్పుడు, గోడ మీది దేవుళ్ళ పటాలు అన్ని ఒక్కసారి తిరిగి గోడను చూసినయి. చాళీ అంత నిప్పంటుకుందని కిందికి ఉరికిండ్రు. బిల్డరు మనిషి రెండేండ్ల సంది చెయ్యలేని పని నేను ఒక్క ఊపుల చేసిన. బిల్డింగు మొత్తం ఖాళీ. నేనొక్కన్నే మీద ఉన్న.

నిజంగ నిప్పంటుకున్నా నేనొక్కన్నే ఉందును. అది ఆ పొద్దే తోచింది.

తర్వాత తిట్లు. ఈ నెలల ఇంక రెండు ఇండ్లు ఖాళీ అయితున్నయి. నేను గూడ ఎక్కువ దినాలు ఈడ ఉండ, అక్కా. కిటికీ ఊచలు కోయించుతున్న. మెట్లతోని పని లేకుండనే పోత, చూస్తుండు. అప్పుడు నీ ఒట్టు ఎల్లమ్మే చూసుకుంటది.

రెక్కల చాటున,
మొగులయ్య

*

వర్లి
20 అక్టోబర్ 2024

మొగులయ్యా,

ఊచలు ఎందుకు కోస్తున్నవ్?

ఈ ఉత్తరం బంటీతోని పంపుతున్న. వాడు నీ కాడనే పండుకుంటడు. ఎందుకు అని అడగొద్దు, వానికి గూడ చెప్పలేదు. డ్రోన్ రిపేరు ఉంది, మామ చేస్తడు అని చెప్పిన.

ఒకసారి దూది పెట్టుకొని పండుకున్నవ్. నాకు ఇప్పటికి కలల వస్తది. రెండోసారి చూసే గుండె నాకు లేదు. ఇది నవ్వులాట అయితె వెంటనే రాయి. నవ్వులాట కాకున్నా రాయి.

తమలపాకు పెట్టుకోలేదు. పెదవులు వాటంతట అవే బిగుసుకున్నయి.

అక్క

*

కామాటిపుర
27 అక్టోబర్ 2024

అక్కా,

ముందు నీ గూఢచారి ముచ్చట చెప్త. వాడు వచ్చిన దినం నేను మాట్లాడలే. ఖాళీ చెయ్యమని నాకు చెప్పించడానికే పంపినవ్ అనుకున్న. వాడు కిటికీకి అడ్డంగ పరుపు వేసుకొని పండుకున్నడు. గాలి రాదురా పక్కకు జరుగు అంటె జరగడు. అప్పుడు నీ ఉత్తరం మళ్ళ చదివిన. అర్థమైంది.

ఊచలు కోయించింది ఇంజను ముక్కు బయట పెట్టడానికి. పొగ బయటికి పోవాలె గదా. నిన్ను ఉడికియ్యాల్నని ఆ ముక్క రాయలే. తప్పు నాది, రాసుకో.

దుంకాల్నంటె ఇంత వంకర పని ఎవడన్న చేస్తడా? నెలల సంది ఒక్కొక్క పక్కటెముక కోసి, అరగదీసి, అతికిస్తడా? కాని నీ ముందర అబద్ధం ఆడ. విమానం లేనప్పుడు ఆ కిటికీ కాడ మస్తు కూసున్న. కింద ఫోరస్ రోడ్ దిక్కు పొయ్యేటోళ్ళ తలలు చూసుకుంట. ఇప్పుడు ఆడ కూసుండ జాగ లేదు. విమానం ఉంది. చాలు, ఇగ ఆ ముచ్చట మళ్ళ ఎత్తొద్దు.

బంటీ మంచోడే. రాత్రి పగలు ఇక్కడనే పడి, రిమోటు తీగలన్ని వాడే కట్టిండు. తోక ఇటు తిప్పు అంటె ఇటు, అటు అంటె అటు తిరుగుతుంది. నాకు కండ్లల్ల నీళ్ళు వచ్చినయి, రంగు వాసనకు అని చెప్పిన. వాడు నమ్మిండు, నీ కొడుకు గదా.

అసలు దెబ్బ ఇప్పుడు చెప్త. మొన్న వాడు టీ తాగుకుంట విమానం చుట్టు తిరిగిండు. తలుపు దాక పోయిండు, జినా చూసిండు, మళ్ళ వచ్చిండు. "మామా, ఇది బయటికి ఎట్ల పోతది?" అన్నడు.

రెక్కలు ఊడొస్తయి అన్న. రెక్కలు సరే, ఒళ్ళు సంగతేంది అన్నడు. టేపు పెట్టి కొలిచినం. తలుపుల నుంచి పోతది. జినా మలుపు కాడ తిరగది. తోక గోడకు, ముక్కు కటకటాలకు. నిలువ పెడితె పై చెక్కకు తగులుతది. ఎట్ల తిప్పినా తిరగది.

మండపాలు కట్టినోన్ని, కొలత తెల్వనోన్ని కాదు. ఎందుకు తోచలేదని రెండు దినాలు ఆలోచించిన. మన తాత ముత్తాతలు పాలమూరు నుంచి వచ్చి ఈ ఊర్ల గోడలు కట్టిండ్రు, మిల్లులు కట్టిండ్రు. మనం కట్టింది ఏదన్న కట్టిన కాడి నుంచి బయటికి తీసే పని పడ్డదా? కట్టింది కట్టిన కాడ ఉంటది. కట్టినోడే బయటికి పోతడు. నేను గూడ గట్లనే కట్టిన. బయటికి తీయాల్నని నా రక్తంలనే లేదు.

ఇప్పుడు ఖోలీల ఇద్దరం ఉన్నం. నేను దిగ, అది దిగలేదు.

మొగులయ్య

*

వర్లి
2 నవంబర్ 2024

తమ్మీ,

ఊచల ముచ్చట చదివి పానం కుదుటపడ్డది. ఎత్తొద్దన్నవ్, ఎత్త.

దీపావళికి సగం దండం వస్తదన్నవ్, రాలే. కారప్పూస, కుడుకల లడ్డు బంటీతోని పంపుతున్న. బుట్టల బల్లిని వేసి తిరిగి పంపకు.

విమానం నడుముకు కోసెయ్యి. రెండు ముక్కలు కిందికి తెచ్చి మళ్ళ అతికిచ్చుకో. దానికి గింత ఏడుపు ఎందుకు?

శాంతాబాయి

*

కామాటిపుర
24 డిసెంబర్ 2024

అక్కా,

నడుముకు కోసి అతికించుమన్నవ్. నన్ను గట్లనే కోసి అతికించిండ్రు. ఎట్ల నడుస్తున్ననో చూసినవ్ గదా. దాన్ని కోయనియ్య.

అందుకే ఇన్ని దినాలు రాయలే. కోపం కాదు. రాయడానికి ఏం లేక.

మా అంతస్తుల ఇప్పుడు నేనొక్కన్నే. ఎదురు ఖోలీ నర్సమ్మ పొయ్యేటప్పుడు తలుపు గూడ ఊడదీసి పట్కపోయింది. ఆ రంధ్రంల నుంచి గాలి వస్తది, నా ఖోలీల విమానం పంకా దానంతట అదే మెల్లగ తిరుగుతది. మొదట్ల మంచిగనిపించింది. ఇప్పుడు దుప్పటి కప్పిన. నల్లా ఒకసారి వస్తది, ఒకసారి రాదు. బంటీకి పెండ్లిళ్ళ సీజన్, వారానికి ఒక్కసారి వస్తున్నడు. బుట్ట దించితె కింద వేసేటోడు లేడు. కూరగాయల బండాయన గల్లీ మార్చిండు. పోయిన వారం బుట్ట దించి, ఊకె మళ్ళ పైకి గుంజిన. ఎవరన్న కట్టెతోని పొడుస్తరేమో అని.

నవ్వులాట చేద్దామంటె మనిషి గావాలె. నిన్న బిల్డరు మనిషి వచ్చిండు. కుర్చీల సోడా పోసి ఉంచిన. వాడు కూసుండలే. నిలబడే చెప్పిండు. జనవరి ఆఖరుకు కరెంటు కోస్తరట, తర్వాత రేకులు కొట్టి మూస్తరట. "ఎవరన్న నలుగురిని పంపి దించుత కాకా" అన్నడు. మంచిగనే అన్నడు. పాపం అన్నట్టే ఉండె వాని మొఖం.

విమానాన్ని చూసి, దీన్ని ఏం చేస్తవ్ అన్నడు. ఇది నాతోనే ఉంటది అన్న.

తాత ఎప్పుడు ఎగిరిన ముచ్చట చెప్పలేదు, యాదికి ఉందా? దిగిన ముచ్చటే చెప్పేటోడు. "మేం నేల పరిచినం, అది దిగింది" అని. అబద్ధమే కావచ్చు. కాని అబద్ధం చెప్పేటోడు ఎగిరిందనే చెప్తడు గదా, దిగిందని ఎందుకు చెప్తడు?

మొగులయ్య

*

వర్లి
11 జనవరి 2025

తమ్మీ,

నీ ఉత్తరం చదివి నాకు తిట్టాల్ననిపించలే. దాంతోనే భయమైంది.

నువ్వు మండపాలు కట్టిన మనిషివి. మన నాయిన పరంజి కట్టిన మనిషి. నేను చిన్నప్పుడు నాయినకు తాళ్ళు నానబెట్టి ఇచ్చిన. మరి ఇన్ని దినాల సంది ఇద్దరం జినా జినా అని దాన్నే పట్టుకొని వేలాడుతున్నం. కిటికీ ఊచలు ఎట్లాగు కోసినవ్ గదా. చౌకట్టు గూడ తీసేస్తె నీ విమానం అడ్డంగ పోతది. బంటీ కొలిచిండు.

పని అడ్డా కాడికి పోయిన. నోరు విప్పినందుకు ఎల్లమ్మకు కోపం రాదు, నువ్వు కాదు గదా ఎదురుంగ. కిష్టయ్య అని పాలమూరు పిల్లగాడు, పరంజి కట్టేటోడు. విమానాన్ని దించాలె అంటె నన్ను పై నుంచి కింది దాక చూసిండు. "ఎవరన్న పంపిండ్రా అవ్వా, నవ్వులాటకు?" అన్నడు. నీ పేరు ఆ అడ్డా దాక పోయినట్టుంది.

బొంగులు కట్టి, గిరక పెట్టి, పలక మీద దించుతడు. ఇరవై ఆరున అందరికి సెలవు. బంటీ పైన ఉంటడు. నేను కింద నిలబడత. నిన్ను దిగమని అడుగుత లేను. అడిగేది అయిపోయింది. విమానం దిగనియ్యి. నువ్వు చూసుకో, అంతే.

అక్క

*

వర్లి, వంటింట్ల నుంచి
3 ఫిబ్రవరి 2025

హాలుల ఉన్న మొగులయ్యకు,

వారం సంది నువ్వు నా ఇంట్ల ఉన్నవ్. అన్నం పెడుతున్న, మాట్లాడుత లేను. ఎందుకు అని బంటీని అడిగినవట. నాతోనే చెప్పించుకో.

నేను కింద నిలబడ్డ. గల్లీ మొత్తం నిలబడ్డది. ఖాళీ చేసి పోయినోళ్ళు గూడ వచ్చిండ్రు. చౌకట్టు ఊడింది, ముక్కు బయటికి వచ్చింది, ఆకుపచ్చ, మట్టి రంగు. పోరగాళ్ళు సీటీలు కొట్టిండ్రు. సగం దాక వచ్చి ఆగింది. ముక్కు బరువుకు పలక వంగుతుంది, వెనుక తోక మీద ఎవరన్న కూసోని పట్టుకోవాలె అని కిష్టయ్య అరిసిండు. బంటీ వస్త అన్నడు. నువ్వు వాన్ని తోసేసినవట. "నా కొలత నాకు తెలుసు, మీరు విరగ్గొడతరు" అని.

నేను మీదికి చూసేసరికి నువ్వు పలక మీద ఉన్నవ్. తోకను రెండు చేతుల పట్టుకొని, కాళ్ళు రెండు గాల్ల. కండ్లు మూసుకోలే. ఎవ్వరు పాపం అనలే. అందరు నవ్విండ్రు. నువ్వు గూడ నవ్వుతున్నవ్.

కింద పలక ఆగినప్పుడు నేను నోరు తెరిచిన. ఏం తిట్టాల్నో నాలుక మీదనే ఉంది. అప్పుడు జినా దిక్కు చూసిన. సోడా మూత మెట్టు ఆడనే ఉంది. నువ్వు దాని మీద కాలు పెట్టలే. కిటికీల నుంచి వచ్చినవ్.

నోరు మూసుకున్న. ఏం చెయ్యాలె? ఎల్లమ్మ మీద చెప్పిన. తెల్లారి టాక్సీల తీసుకపోయి, ఒక్కసారి ఆ మెట్టు ఎక్కించి దింపాలె అనుకున్న. పొయ్యేసరికి, ఆఖరోడు గూడ దిగిండని రేకులు కొట్టిండ్రు, తాళం వేసిండ్రు. కావలాయన లోపటికి పోనియ్యలే. లోపల కూలగొట్టే పని మొదలైందట.

ఆ మెట్టు పోతె నా మాట జన్మకు నాతోనే ఉంటది.

చింతపండు చారు పొయ్యి మీద ఉంది. ఉప్పు తక్కువైతె చెయ్యి ఎత్తు.

శాంతాబాయి

*

వర్లి, హాలు
17 ఫిబ్రవరి 2025

వంటింటి శాంతక్కకు,

ఉప్పు సరిపోయింది. చెయ్యి ఎత్తింది ఈగను కొట్టడానికి, నువ్వు ఉప్పు డబ్బ తెచ్చి పోసినవ్. ఇగ ఆ చారు నువ్వే తాగు.

ఒకే ఇంట్ల ఉండి ఉత్తరాలు రాసుకునే అక్కాతమ్ముండ్లు బొంబాయిల మనమే ఉన్నట్టున్నం. నేను అనుకున్న, కిందికి వస్తె అన్ని ఒక్కసారి తెరుచుకుంటయని. మూడో అంతస్తుల నుంచి తీసి పదిహేడో అంతస్తుల పెట్టినవ్. ఈ కిటికీ పూర్తిగ తెరుచుకోదు. తెరుచుకున్నా బుట్ట ఎవరికి దించాలె? నిన్న లిఫ్ట్‌ల ఒక పెద్దమనిషి భుజం మీద థర్మాకోల్ బల్లిని పెట్టిన. ఆయన దాన్ని తీసి చూసి, జేబుల పెట్టుకొని పోయిండు. తిట్టలే, అరవలే. నాకు రాత్రంత నిద్ర పట్టలే.

సామాను లిఫ్ట్‌ల తెచ్చిన విమానం రెక్క సోఫా మీదికెళ్ళి ఉంది కాబట్టి నువ్వు వంటింట్లకు పొయ్యేటప్పుడు వంగుతవ్. చూస్తె నాకు దండం పెడుతున్నట్టే ఉంటది. అదొక్కటే సుఖం.

ఆదివారం ఎగరేస్తున్నం. కళ్యాణ్ అవతల బంటీకి తెలిసిన క్లబ్బు మైదానం ఉంది, ఇటువంటివి అక్కడనే ఎగరేస్తరట. నువ్వు రావాలె. మాట్లాడకున్నా కండ్లు ఉన్నయి గదా.

రిమోటు బంటీ పడతడు. నేను పట్ట. దించేటప్పుడు విరగ్గొడతనేమో అని భయం. ఇది వానికి చెప్పలే, నీకు చెప్తున్న.

హాలు కాపలాదారు,
మొగులయ్య

*

వర్లి, వంటిల్లు
24 ఫిబ్రవరి 2025

తమ్మీ,

నిన్న చెప్పాల్ననుకున్నవి అన్ని లోపలనే ఉండిపోయినయి. రాస్తె సగం గూడ రాదు.

అది లేసినప్పుడు చప్పుడుకు చెట్ల మీది పక్షులన్ని లేసినయి. కాళ్ళు ముడుచుకున్నంక నిజం విమానమే అనిపించింది. నీ దిక్కు చూసిన. నువ్వు కుర్చీల లేవు. కుర్చీ పట్టుకొని నిలబడ్డవ్. నీ నోరు తెరుచుకొని ఉంది. నువ్వు నోరు తెరిచి ఏం అనకుండ ఉన్నది నా జన్మల అదే మొదటిసారి.

బంటీ అన్నడు, ఎగరేసుడు కష్టం కాదట, దించుడే కష్టమట. దించిండు. నేల మీద కొంచెం దూరం మంచిగనే ఉరికింది. అప్పుడు కాలు విరిగి పక్కకు ఒరిగింది. ఎడమ కాలు. నువ్వు నవ్వినవ్, నీది గూడ ఎడమదే అని.

వచ్చేటప్పుడు టెంపోల నాకు తాత యాదికొచ్చిండు. మిల్లు పొగగొట్టం కట్టింది తాత కాదు, తాత తమ్ముడు. ఇన్నేండ్లు కలిపి యాది పెట్టుకున్న. తాత ఏడ పని చేసిండో నాకు తెల్వదు. నువ్వు చెప్పిందే నిజం కావచ్చు.

ఈ మాట నోటితోని చెప్పాల్నని ఉండె.

అక్క

*

వర్లి, తలుపు అవతల
6 ఏప్రిల్ 2025

శాంతక్కకు,

తలుపు ఇప్పుడే తీయకు. పూర్తిగ చదువు.

కిష్టయ్యకు ఆ బిల్డింగు కూలగొట్టే పనే దొరికింది. పోయిన నెల బంటీతోని కబురు పంపిన. జినా విప్పేటప్పుడు కింది మెట్టు చెక్క పక్కకు పెట్టు, ఎవడన్న అడిగితె పొయ్యిలకు అను అని. నిన్న తెచ్చిండు. సామాను లిఫ్ట్‌ల వచ్చింది, మహారాజు లెక్క. మన తలుపు ముందర ఇటికెలు పేర్చి వాటి మీద పెట్టినం.

నేను నవ్వులాట చేస్తున్న అనుకుంటవ్. థర్మాకోల్ తోని ఇట్లాంటి మెట్టు నేను రెండు గంటల్ల చేస్త, అది నీకు తెలుసు. అందుకే కడగనియ్యలే. నడుమ అరిగిన గుంత ఉంది. కుడి పక్క సోడా మూత ఉంది, తుప్పు పట్టింది గాని ఊడలే. నువ్వు రాయితోని కొట్టినప్పుడు నీ వేలు నలిగింది, నాయిన నన్ను కొట్టిండు. చూస్తె తెలుస్తది.

పోచయ్యను అడిగిన. "చెక్క మీద చెయ్యి పెట్టి మొక్కింది, బిల్డింగు మీద కాదు గదా" అన్నడు.

ఇగ మిగిలింది నేను.

నిన్న నువ్వు గుడికి పోయినప్పుడు పెట్టి చూసిన, నువ్వు వచ్చేసరికి తీసి దాచినం. బంటీ భుజం పట్టుకొని ఎక్కుడు ఎక్కిన. దిగలేదు. వెనక్కి కుర్చీల కూలబడ్డ. కిటికీల నుంచి తాడు మీద వేలాడుకుంట వచ్చినప్పుడు భయం కాలే అని అందరికి చెప్పుకున్న. భయం ఎందుకైతది, ఆ దినం దిగింది నేను కాదు. విమానం దిగింది, దాని తోక పట్టుకొని నేను వచ్చిన. ఈ మెట్టు మూరెడు ఎత్తు గూడ లేదు. పట్టుకోవడానికి ఏం లేదు. కింద నా కాలే పడాలె. ఒక్క మెట్టు కోసం రెండేండ్లు ఖోలీల కూసున్ననని నిన్న అర్థమైంది. మూడు అంతస్తులు ఎన్నడు భయపెట్టలే, మొదటి మెట్టే.

నలుగురిని పిలువకు. ఒక్కరిని గూడ పిలువకు. బంటీ ఈ ఉత్తరం నీకు ఇచ్చి లోపటనే ఉంటడు, వానికి చెప్పిన. నేను మెట్టు మీద నిలబడి ఉంట.

నువ్వు తలుపు తీసి నా ముందర నిలబడు. నీ ఒట్టుల ఆ మాట గూడ ఉంది. చెయ్యి ఇయ్యకు. నేను పడితె లేపకు, నేనే లేస్త, మళ్ళ ఎక్కుత. ఎంత సేపైనా నిలబడు. చారు పొయ్యి మీద ఉంటె దించి రా.

నా రెండు కాళ్ళు నేల మీద పడ్డంక నోరు తెరువు. తొమ్మిది నెలల తిట్లు దాచిపెట్టినవ్ గదా. మొదటిది గట్టిగ ఉండాలె. ఈ అంతస్తుల ఎవరికి ఎవరు తెల్వదన్నవ్. అందరు తలుపులు తీసి చూడాలె.

మెట్టు మీద,
నీ తమ్ముడు